రెండు కొలతల కాలు

పెద్ద వరద వచ్చి పోయిన నాలుగో ఏడు అది. ఎండలు ముదిరి, ఊరి బయట పాత రాతి క్వారీ గుంటలో నీళ్ళు కిందికి దిగాక ఒక శవం బయటపడింది. చాలా రోజులు నానిన శవం. మొహం చూసి పోల్చుకునే స్థితి లేదు. కుడికాలు మోకాలి కింద లేదు. అక్కడ తోలు పట్టీతో బిగించిన కట్టుడు కాలు మాత్రం చెక్కు చెదరలేదు. చొక్కా జేబులో ఒక ఫోను, అదీ నీళ్ళు తాగి చచ్చింది.

అంతకు మూడు వారాల ముందు ఐసు ఫ్యాక్టరీ యజమాని ఒకడు కనపడకుండా పోయాడు. అతనికీ కుడికాలు మోకాలి కింద లేదు. భార్య వచ్చింది. కాలు చూసింది. ఆయనదేనంది.

ఇన్‌స్పెక్టరు ఆ పూటే ఆమె తమ్ముణ్ణి తెచ్చి లాకప్‌లో వేశాడు. బావాబావమరుదులకి ఆ ఫ్యాక్టరీలో చెరి సగం. అమ్మేద్దామని బావ, చచ్చినా వీల్లేదని బావమరిది. బావ మాయమైన ముందురోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర పదిమందీ చూస్తుండగా ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. "నిన్ను నీళ్ళలో తొక్కి చంపుతా" అని బావమరిది అరిచాడు. శవం నీళ్ళలోనే దొరికింది. ఇన్‌స్పెక్టరుకి ఇంకేం కావాలి? మర్నాడు కోర్టులో పెట్టడానికి కాయితాలు సిద్ధం చేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం లాకప్‌లో ఉన్న ఆ కుర్రాడి తల్లి నత్త ఇంటికి వచ్చింది.

నత్త పోలీసు కాదు, వకీలు కాదు. తప్పిపోయిన మనుషుల్ని వెతికిపెట్టడం అతని వృత్తి. నిదానస్తుడు. ఒకసారి చూసినదాన్ని మళ్ళీ చూస్తాడు, తిరగేసి ఇంకోసారి చూస్తాడు. అందుకని పోలీసు స్టేషన్లో ఎవరో ఆ పేరు పెట్టారు. అది అతని చెవిన పడినప్పుడు బాగానే ఉందనుకున్నాడు.

"అల్లుడు ఎలాగూ పోయాడు నాయనా" అంది ఆవిడ, ఇచ్చిన కుర్చీలో కూర్చోకుండానే. "ఇప్పుడు కొడుకు పోతున్నాడు. వాడు చంపలేదు."

"మీకెలా తెలుసమ్మా?"

"వాడు తప్పు చేస్తే కంచం దగ్గర తెలిసిపోతుంది. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినా ఆ పూట ముద్ద దిగేది కాదు."

"ఈ మూడు వారాలూ తిన్నాడా?"

"మారు కూడా అడిగి పెట్టించుకున్నాడు."

నత్త చొక్కా తొడుక్కున్నాడు.

లాకప్‌లో కుర్రాడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వరండాలో, బల్ల మీద అతని అక్క. వాంగ్మూలం టైపు అవుతోంది, సంతకం పెట్టాలి, అందుకు కూర్చోబెట్టారు. ఫోను తీసుకుని కానిస్టేబులు ముందు పెట్టించారు. ఆమె తమ్ముడి వైపు చూడటం లేదు. ఎదురుగోడ మీద గడియారం చూస్తోంది.

"మీ బావ కనపడని రోజు ఎక్కడున్నావు?" అన్నాడు నత్త.

"ఫ్యాక్టరీలో సార్. యంత్రం ఆగిపోయింది. పగలంతా దాంతోనే సరిపోయింది."

"ఎవరు చూశారు?"

"ఎవరూ లేరు. కరెంటు లేదని పనివాళ్ళని పంపేశా. ఐసు చూసింది."

"దాని సాక్ష్యం ఎంతసేపు నిలబడుతుంది?"

కుర్రాడు నవ్వబోయి మానేశాడు. "నన్ను నమ్మరా సార్?"

"నమ్మకం సంగతి తర్వాత. మీ బావ ఎలా నడుస్తాడు?"

"బాగా నడుస్తాడు. కాళ్ళున్నవాళ్ళు కూడా వెనకబడతారు. ఫ్యాక్టరీలో ఎప్పుడూ తడి కదా, చెప్పులు వేసుకోడు. ఆ రబ్బరు పాదం నేలకి తగిలే చప్పుడు వింటే కునుకు తీసేవాడు కూడా లేచి ఐసు దిమ్మ ఎత్తేవాడు."

"పాదం అరగలేదూ?"

"అరగకేం సార్? మడమ బయటివైపు పూర్తిగా అరిగి వంకరపోయింది. మార్పించుకో బావా అంటే, దీని వంకర నాకు అలవాటైంది, నీ వంకర అలవాటు కాలేదనేవాడు." కొంచెం ఆగి గొంతు తగ్గించాడు. "అక్క నా వంక చూడట్లేదు సార్."

నత్త లేచి ఇన్‌స్పెక్టరు గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఆ కాలు ఒకసారి చూడాలి సార్."

"ఎవరి కాలు? నీదా, నాదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. చురుకైన మనిషి. ఏ కేసూ వారం దాటనివ్వడని అతనికి పేరు.

"శవానిది."

"రేపు కోర్టులో చూద్దువుగాని."

"పోనీ కాలు చేసిన చోటు చూడొచ్చా?"

"దానికి నా సెలవెందుకయ్యా? పాక్కుంటూ వెళ్ళు. నువ్వు చేరేసరికి నేనే ఆ కాలు పట్టుకుని జీపులో దిగుతాను. చేసినావిడ సంతకం కావాలి నాకు." వరండా మొత్తం వినపడేలా అన్నాడు. కానిస్టేబుళ్ళు నవ్వారు. బల్ల మీద కూర్చున్నావిడ నవ్వలేదు, తల కూడా తిప్పలేదు.

కట్టుడు కాళ్ళు చేసే వర్క్‌షాపు ఆసుపత్రి వెనక వీధిలో ఉంది. ముందు గదిలో నడక నేర్చుకునేవాళ్ళు పట్టుకోవడానికి రెండు ఇనప కడ్డీలు, వాటి చివర నిలువుటద్దం. లోపలి గదిలో ప్లాస్టిక్కు రేకుల్ని మెత్తబరిచే పొయ్యి, బెంచీకి బిగించిన పట్టకారు, రంపాలు, గోడకి వేలాడుతున్న రబ్బరు పాదాలు. మూడో గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు. దాన్ని నడిపేది యాభై ఏళ్ళ మనిషి. ఊరు ఊరంతా కాళ్ళమ్మ అంటుంది.

"చేతులు కూడా చేస్తాను. అది ఎవరికీ గుర్తుండదు" అంది ఆవిడ, నత్త అలా పిలవగానే. "ఎవరి కాలు సంగతి?"

"ఐసు ఫ్యాక్టరీ ఆయనది. అచ్చు చూపిస్తారా?"

"అచ్చులు లేవండి. వరద మింగేసింది. అప్పట్లో ప్రతి మనిషి మొండికాలుకీ ప్లాస్టర్ అచ్చు తీసి దాచేదాన్ని. ఈ మూడు గదుల నిండా అవే. నీళ్ళు తీశాక తలుపు తీస్తే మోకాలి లోతు సున్నపు ముద్ద ఉంది. అది ఎవరి కాలో, ఇది ఎవరి కాలో దేవుడు కూడా చెప్పలేడు. ఆ ఏడంతా అందరినీ మళ్ళీ పిలిచి కొలవాల్సి వచ్చింది. దూరాల నుంచి రాలేనివాళ్ళు విరిగిన కాళ్ళతోనే ఉండిపోయారు."

"మరి ఇప్పుడు?"

ఇస్త్రీ పెట్టంత పరికరం ఒకటి తీసి చూపించింది. "దీన్ని కాలు చుట్టూ తిప్పితే ఆకారం కంప్యూటర్లోకి వస్తుంది. కానీ కంప్యూటర్లో ఉంచను. క్లౌడ్‌లో పెడతాను."

"అంటే ఎక్కడ పెట్టినట్టు?"

"ఎక్కడో దూరాన గోడౌన్లంతటి భవనాల్లో వేల కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో నాకు కొంచెం చోటు. ఒక భవనం మునిగినా ఇంకో ఊళ్ళో నకలు ఉంటుంది. ఇక్కడ మీకు కనిపించేది ఒట్టి కిటికీ. దీన్ని ఇప్పుడు పట్టుకెళ్ళి క్వారీ గుంటలో పడేసినా ఒక్క కాలు పోదు. ఇంకో కంప్యూటరు ముందు కూర్చుని పేరూ పాస్‌వర్డూ కొడితే అన్నీ అలాగే ఉంటాయి."

"అద్దెగదిలో సామాను పెట్టుకున్నట్టు."

"అద్దెగదికైతే మనం వెళ్ళాలి కదండీ. ఇది ఎక్కడ కూర్చుంటే అక్కడే తెరుచుకుంటుంది. వాడుకున్నంతకే బిల్లు, కరెంటు లాగా. పెద్ద యంత్రాలు కొనక్కర్లేదు, చెడితే బాగుచేయించక్కర్లేదు, ఆ తలనొప్పి వాళ్ళది. మొన్న ఒక లారీ డ్రైవరుకి ఎక్కడో దూరాన కాలు విరిగింది. సొంత కాలు కాదు, నేను చేసిన కాలు. పక్క జిల్లాలో మాకింకో వర్క్‌షాపుంది, వాళ్ళు అతని కొలత తెరిచి కాలు చేసిచ్చేశారు. అతను ఇక్కడికి రాలేదు, నేనక్కడికి పోలేదు, లారీలో టమాటాలు కుళ్ళలేదు."

"తెరిచే హక్కు ఎవరెవరికి?"

"నాకు, ఆ వర్క్‌షాపుకి, డాక్టరుకి, ఆ కాలు ఎవరిదో వాళ్ళకి. డాక్టరు తన ఇంట్లో కూర్చుని 'ఇక్కడ నొక్కుకుంటుంది, తగ్గించు' అని గీత గీస్తే అదే క్షణంలో ఇక్కడ నాకు కనిపిస్తుంది. ఎవరు తెరిచి చూస్తున్నారో వాళ్ళ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది." ఆవిడ మీటలు నొక్కింది. తెర మీద బూడిదరంగు ఆకారాలు రెండు వచ్చాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. "ఇదిగో, మీవాడు."

"ఒక్క కాలుకి రెండా?"

"కాలు తీసేసిన కొత్తలో మొండికాలు వాచి ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఇలా సన్నబడిపోతుంది. మొండికాలు దూరే గిన్నె ఉంటుందే, అది వదులవుతుంది. మళ్ళీ కొలిచి మళ్ళీ చెయ్యాలి."

"పాత గిన్నె ఏం చేస్తారు?"

"మనిషి ఎదురుగానే రంపంతో నిలువునా కోసేస్తాను. ఇక్కడ అది మా పద్ధతి. కొయ్యకపోతే దాచుకుని, ఇంట్లో తిరగడానికి పాతది చాల్లే అని తొడుక్కుంటారు. పుండ్లు పడతాయి. లేదా పాత చొక్కా ఇచ్చినట్టు చుట్టాలకి ఇచ్చేస్తారు."

"ఈయనదీ కోశారా?"

"నా చేత్తో కోశాను. ఒక సగంలో మొక్క పెట్టుకుంటానని తీసుకెళ్ళాడు."

బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాలు తెచ్చి, బల్ల మీద కంప్యూటరు పక్కనే పెట్టాడు.

"కాళ్ళమ్మగారూ, ఇది మీరు చేసిందేనా?"

ఆవిడ సంచి విప్పి గిన్నె అంచు వేలితో తడిమింది. "మా చేతిపనే. అంచు ఇలా బయటికి తిప్పేది మేమే."

"అయితే ఇక్కడ ఒక సంతకం."

"ఒక్క నిమిషం" అన్నాడు నత్త. కాలు అందుకుని తలకిందులు చేశాడు. రబ్బరు పాదం అడుగున, మడమ మీద, పోత పోసేటప్పుడు పడిన అచ్చు అక్షరాలు పొడుచుకుని కనిపిస్తున్నాయి. వేలితో రుద్దాడు. ఒక్క అక్షరం అరగలేదు. బయటివైపూ లోపలివైపూ ఒకే ఎత్తు. గిన్నె లోపలికి చెయ్యి పెట్టాడు. గరుకుగా ఉంది.

"రోజూ వాడే గిన్నె లోపల ఎలా ఉంటుంది?"

"అద్దంలా అయిపోతుంది" అంది కాళ్ళమ్మ. ఆవిడ మొహంలో అప్పటికే ఏదో మారింది. టేపు తీసి గిన్నె లోపల పై చుట్టూ, మధ్య చుట్టూ కొలిచింది. తెర వైపు చూసింది. మళ్ళీ కొలిచింది.

"ఏమైంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇది మొదటి కొలత."

"అయితే?"

"మొదటి కొలత గిన్నె నేను కోసేశానండీ. అది ఈ లోకంలో లేదు."

ఇన్‌స్పెక్టరు ఆవిడ వంకా, నత్త వంకా చూశాడు. "లేనిది నా చేతిలోకి ఎలా వచ్చింది? మీరిద్దరూ కూడబలుక్కున్నారా? నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా?"

"మీ పక్క జిల్లా వర్క్‌షాపుకి ఫోను చేయండమ్మా" అన్నాడు నత్త. "అందరికీ వినపడేలా."

అవతల పనివాడు రెండో రింగుకే ఎత్తాడు. ఐసు ఫ్యాక్టరీ ఆయన పేరు చెప్పగానే తడుముకోకుండా అన్నాడు. "అవును మేడమ్, పోయిన నెల వచ్చారు. ఊళ్ళు తిరిగేవాణ్ణి, ఇంకో కాలు దగ్గరుండాలన్నారు. కొలత క్లౌడ్‌లో ఉంది కదా, మళ్ళీ ఎందుకు కొలవడం అన్నారు. నిజమే కదా అని చేసిచ్చాను."

"రెండు కొలతలున్నాయి. ఏది తీశావు?"

"పైన ఉన్నది."

"నీ తెర మీద పైన ఏముంటుంది? కొత్తదా, పాతదా?"

అవతల మీటలు నొక్కిన చప్పుడు. తర్వాత సన్నటి గొంతు. "పాతది మేడమ్."

"తొడిగి చూడకుండా ఎలా పంపావురా?"

"తొడగమన్నాను మేడమ్. తొందరలో ఉన్నానన్నారు. నడుచుకుంటూ వచ్చారు, ఆ కాలు సంచిలో పెట్టుకుని నడుచుకుంటూ వెళ్ళారు. ఇంకేం చెప్పను?"

కాళ్ళమ్మ ఫోను పెట్టేసింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతులో వేడి తగ్గింది గాని పట్టు తగ్గలేదు.

"సరే. ఇంకో కాలు చేయించుకున్నాడు. ఆ రోజు అదే తొడుక్కున్నాడు. బావమరిది గుంటలోకి తోశాడు. ఇందులో తేడా ఏముంది?"

"అది తొడుక్కుని రెండడుగులు వెయ్యలేడు సార్" అన్నాడు నత్త. "అతని కాలు సన్నం. గిన్నె లావు. గిన్నెలో గరిటె తిరిగినట్టు తిరుగుతుంది."

"లోపల మేజోళ్ళు కూరుకుని ఉండొచ్చు."

"శవం కాలికి మేజోళ్ళున్నాయా?"

ఇన్‌స్పెక్టరు నీళ్ళు నమిలాడు. "లేవు."

"క్వారీ దాకా రోడ్డు లేదు. అంతా కంకర. ఈ పాదం కంకర మీద నడిచిందా? చూడండి." నత్త మడమ అతని వైపు తిప్పాడు. "ఇది ఎక్కడా నడవలేదు. సంచిలో వచ్చింది. అక్కడ శవానికి తొడిగారు."

"వాడి శవానికి వాడి కాలు ఇంకెవడో తొడగడమేమిటయ్యా!"

"వాడి శవం కాదు."

ఇన్‌స్పెక్టరు ముందుకి వంగాడు.

"అంటే చచ్చాడనుకున్నవాడు కాలికి బుద్ధి చెప్పాడంటావు. మరి గుంటలో ఉన్నదెవరు?"

"కుడికాలు మోకాలి కింద లేని ఇంకో మనిషి. ఎవరో, ఎందుకో నాకు తెలీదు. గుంటలో దొరికినవాడికి మీరు ఈయన పేరు రాసేశారు కాబట్టి ఇప్పటిదాకా అతని కోసం ఎవరూ వెతకలేదు."

"పెళ్ళాం స్వయంగా వచ్చి కాలు గుర్తుపట్టిందయ్యా!"

"బావమరిది జైలుకి పోతే ఫ్యాక్టరీ అమ్మకానికి అడ్డమెవరు సార్? ఆవిడ సంగతి ఇంకో మాట. దాని దగ్గరికి వస్తాను."

"రా, రా. నువ్వు వచ్చేలోపు రేపు కోర్టు మూసేస్తారు. టేపు పెట్టి కొలిస్తే మనిషి బతికొచ్చేస్తాడా? జడ్జీగారికి ఏం చూపించాలి నేను? బూడిదరంగు కాళ్ళ బొమ్మలా?"

కాళ్ళమ్మ చెయ్యెత్తింది. తెర వైపు చూపించింది.

రెండు ఆకారాల పక్కన ఆవిడ పేరు ముందు పచ్చచుక్క మొదటి నుంచీ వెలుగుతూనే ఉంది. ఇప్పుడు దాని కింద ఇంకో పచ్చచుక్క వెలిగింది. ఐసు ఫ్యాక్టరీ యజమాని పేరు ముందు.

"ఆయన ఫోను ఏదీ?" అన్నాడు నత్త.

"స్టేషన్లో సీలు వేసి ఉంది. తుప్పు పట్టింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. చూపు తెర మీంచి తిప్పలేదు.

"ఫోను పోతే పోయిందండీ" అంది కాళ్ళమ్మ. "కొత్త ఫోనులో పాస్‌వర్డు కొడితే చాలని చెప్పానుగా."

"పెళ్ళానికి పాస్‌వర్డు తెలిసుంటుంది. ఆవిడే చూస్తోంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెంటనే స్టేషనుకి ఫోను కలిపాడు. "ఆవిడేం చేస్తోంది?"

"బల్ల మీదే కూర్చుంది సార్" అంది కానిస్టేబులు గొంతు. "ఫోను నా ముందే ఉంది."

"అప్పటి నుంచీ అక్కడే ఉందా?"

"మీరు జీపెక్కాక అమ్మతో మాట్లాడాలంది సార్. ఇచ్చాను. బయట మెట్ల దగ్గర మాట్లాడి వెంటనే తెచ్చిచ్చేసింది."

ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేసేలోపు తెర మీద లావు ఆకారం మాయమైంది. సన్నటిది ఒక్కటే మిగిలింది.

"తుడిచేశాడు" అంది కాళ్ళమ్మ.

"మీరు తెరిచి ఉన్నారని అతనికి తెలుస్తోందా?" అన్నాడు నత్త.

"నా చుక్క అతనికీ కనిపిస్తుంది కదండీ."

అవతలి పచ్చచుక్క ఆరిపోయింది.

"పోయింది సాక్ష్యం!" ఇన్‌స్పెక్టరు బల్ల మీద గుద్దాడు. కాలు ఎగిరి కింద పడింది.

"పోలేదండీ. తుడిచినవి చెత్తబుట్టలో నెల రోజులుంటాయి. ఎవరైనా పొరపాటున తుడిచేస్తారని అలా పెట్టారు. బుట్ట ఖాళీ చేసే హక్కు నాదే." రెండుసార్లు నొక్కింది. లావు ఆకారం యథాస్థానానికి వచ్చి కూర్చుంది. "మా మనవరాలు ఇంట్లో ఫోటోలన్నీ తుడిచేసినప్పుడు కూడా ఇలాగే తెచ్చాను."

నత్త నేల మీది కాలు తీసి బల్ల మీద నిలబెట్టాడు. "రెండో కొలత ఎందుకు తుడవలేదు సార్?"

"ఏమో, టైము లేదేమో."

"ఇంకెవరైనా అయితే రెండూ తుడిచేవాళ్ళు. భార్య అయినా, బావమరిది మనుషులైనా. చచ్చినవాడికి కొలతతో పనేమిటి? మొదటిది తుడిచి రెండోది జాగ్రత్తగా వదిలేశాడంటే దానిమీద ముందు ముందు నడవాల్సినవాడే. గిన్నె పగిలితే ఎక్కడున్నా అదే తెరిచి చేయించుకోవాలి. కొత్తగా కొలిపించుకుంటే పనివాడు మొహం చూస్తాడు, పేరడుగుతాడు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల రుద్దుకున్నాడు. తర్వాత కాళ్ళమ్మ వైపు తిరిగాడు. "అతని దారి మూసెయ్యండి. ఇక తెరవలేకుండా చెయ్యండి."

"వద్దు" అన్నాడు నత్త.

"నువ్వెవడివయ్యా వద్దనడానికి?"

"మూస్తే ఇంక ఇటు రాడు. తెరిచి ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు రావాలి. కాలు లేకుండా ఎంత దూరం పోతాడు?"

ఇన్‌స్పెక్టరు మొహం మాడ్చుకున్నాడు. అయినా మూయమని మళ్ళీ అనలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"పక్క జిల్లా పనివాడు అతన్ని కళ్ళారా చూశాడు" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఆ సంగతి అతనికీ తెలుసు" అన్నాడు నత్త. "మనకంటే ముందే తెలుసు."

ఇన్‌స్పెక్టరు జీపెక్కుతూనే పక్క జిల్లా స్టేషనుకి ఫోను కలిపాడు. వర్క్‌షాపు ముందు ఇద్దరు మనుషుల్ని పెట్టమని అరవడం లోపలి దాకా వినిపించింది.

మర్నాడు పొద్దున నత్త ఆ తల్లి ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ వాకిలి కడుగుతోంది. అతన్ని చూసి బకెట్టు పక్కన పెట్టింది. అతను చెప్పాల్సిందంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కోర్టుకి వెళ్ళాడు. కొడుకుని వదిలేయమని అడుగుతున్నాడు. మధ్యాహ్నానికి కుర్రాడు ఇంటికొస్తాడు. అల్లుడు బతికే ఉన్నాడు.

ఆవిడ రెండు చేతులూ పైట చెంగుకి తుడుచుకుంది. తడి లేకపోయినా మళ్ళీ తుడుచుకుంది.

"అమ్మాయికి చెప్పారా?"

"లేదు. ఎక్కడుంది?"

"లోపలే. రాత్రి ఇక్కడికే వచ్చింది. పడుకుంది."

నత్త తలుపు వైపు చూశాడు. సగం మూసి ఉంది.

"నిన్న సాయంత్రం అమ్మాయి మీకు ఫోను చేసిందా అమ్మా?"

తడి వాకిట్లో ఒక చోట నీళ్ళు నిలిచాయి. ఆవిడ చీపురు తీసుకుని వాటిని కాలవలోకి తోసింది. పూర్తిగా పోయేదాకా తోసింది.

"చేసింది" అంది.

"ఏం మాట్లాడింది?"

"తిన్నావా అనడిగింది."

నత్త తల ఊపాడు.

"చేసిందనే చెప్తాను" అంది ఆవిడ. "ఎవరడిగినా చెప్తాను. కోర్టులో అడిగినా."

"చెప్పండి."

"అల్లుడి కాలు రోజూ రాత్రి అమ్మాయే విప్పేది నాయనా. తడిగుడ్డతో తుడిచి మంచం కింద పెట్టేది. ఎన్నోసార్లు చూశాను. చీకట్లో తడిమినా దానికి ఆ కాలు తెలుసు." ఆవిడ చీపురు గోడకి ఆనించింది. "నేను నా కొడుకుని తెమ్మన్నాను. కూతుర్ని తీసుకుపొమ్మనలేదు."

కోర్టు పని అయ్యాక ఇన్‌స్పెక్టరు ఆ కూతురి కోసం తిన్నగా ఇక్కడికే వస్తాడు. అది ఆవిడకి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"లేపనా?" అంది ఆవిడ చివరికి.

"మీ ఇష్టం."

"కాసేపు పడుకోనివ్వండి. మూడు వారాలుగా దానికి నిద్ర లేదు. రాత్రే పట్టింది."

ఆవిడ లోపలికి వెళ్ళి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. నత్త చెప్పులు విప్పి తడి మెట్టు పక్కన పెట్టాడు. పై మెట్టు మీద, తలుపుకి అడ్డం కాకుండా ఒక వారగా కూర్చున్నాడు.